షేరింగ్ బండి

భార్య భాగ్యవతి పోయిన రాత్రి, దవాఖానకు తీసుకెళ్లడానికి ముత్తెన్నకు నందిపేట్‌లో ఒక్క ఆటో కూడా దొరకలేదు. ఇప్పుడు కూతురు నందినికి నెలలు నిండాయి. అందుకే ఆర్మూర్‌లో పసుపు కమీషన్ ఏజెంటు అంబదాస్ అమ్మకానికి పెట్టిన పాత కారును, చీకటి పడ్డాక, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూస్తున్నాడు. మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటి ఉంది.

"గింతగనం తిరిగిందేంది సేటూ?"

"షేరింగుల నడిచింది. చెయ్యెత్తినోళ్లనల్లా ఎక్కించుకున్నది."

దారిలో ఒక ఊరి బస్సు స్టేజీ దగ్గర ముత్తెన్న వేగం తగ్గించాడు. అక్కడ ఎవరూ లేరు. అయినా వెనక తలుపు పడిన చప్పుడైంది. కారు ఎడమ పక్కకు కుంగింది. తర్వాతి స్టేజీలో కుడి పక్కకూ కుంగింది.

"స్టేజీల కాడ స్లో చెయ్యకు ముత్తెన్నా, ఎక్కుతరు," అని అంబదాస్ విసుక్కున్నాడు. వెనక్కి తిరగకుండానే, "జర జరుగుండ్రి," అన్నాడు.

సీటు కిర్రుమంది. నిజంగానే జరిగినట్టున్నారు.

ముత్తెన్న అద్దంలోకి చూశాడు; వెనక సీటు ఖాళీగానే ఉంది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "బ్రేకులెట్లున్నయి?" అన్నాడు.

"మస్తున్నయి."

"మరి నొప్పులొస్తే నా బిడ్డ యాడ పండుకుంటది?"

"చోటిస్తరు, మంచోళ్లే. దిగమంటెనే ఇనరు. నాకైతే చెప్పి చెప్పి యాష్టకచ్చింది. కొనేటోడివి, నువ్వే అడుగు."

మార్కెట్ యార్డు ముందు కారు ఆగింది. ఇంజన్ చప్పుడు అణిగాక, వెనక ఎవరో మెల్లగా గొంతు సవరించుకున్నారు.

బిడ్డకు చోటిస్తారా అని ముత్తెన్న వాళ్లను ఇంకా అడగనేలేదు.