తలుపుకు ఆనుకున్న మనిషి

“ఎవరికైనా తుమ్మొస్తే ఇప్పుడే తుమ్మేయండి. విమానం లేచాక తుమ్మితే, అది తుమ్ము కాదు, తుఫాను.”

బసవపున్నయ్య మాటకు ఖమ్మం మిర్చి గోడౌన్ గొల్లుమంది.

అది ఎనభై ఆరు వేసవి. సీజను అయిపోయి బస్తాలు వెళ్లిపోయాయి గానీ, ఘాటు మాత్రం కిరాయి కట్టకుండా అక్కడే కాపురముంటోంది.

ఆ ఘాటులోనే బొమ్మ విమానాల పోటీ. నాలుగు గోడల మధ్య, విమానానికున్న రబ్బరు తాడు మెలిపెట్టి వదలాలి. ఎవరిది ఎక్కువసేపు పైన తిరిగితే వాళ్లు జిల్లా తరఫున హైదరాబాదు వెళ్తారు.

సన్నటి పుల్లలు, వాటి మీద ఉల్లిపొర లాంటి కాగితం. మూరెడు రెక్కలున్నా, మొత్తం కలిపి ఒక ఎండుమిరపకాయతో తూగుతుంది. బరువు ఎంత తగ్గితే పరువు అంత పెరిగే ఆట.

అందుకే అక్కడ గాలి నిషేధం. ఫ్యాన్ గాలే కాదు, గాలి కబుర్లు కూడా.

మిర్చి కమీషన్ వ్యాపారి బసవపున్నయ్యకు హైదరాబాదు వెళ్లాలని ఏడాదిగా ఒకటే కల. ఆ కలలోకి రోజూ ఒకే ఒక్కడు అడ్డమొస్తున్నాడు. చర్లలో బడిపంతులు, హాతీరాం.

పోయినేడు కొత్తగూడెంలో అందరినీ ఓడించాడట. బసవపున్నయ్య ఆ పోటీకి పోలేదు, మనిషిని చూడలేదు.

“ఇంకా రాలేదేంటి మేడం ఆ హాతీ? ఏనుగు విమానాన్ని మోస్తోందా, విమానమే ఏనుగుని మోస్తోందా?” అని రిఫరీ నిర్మలాదేవిని అడిగాడు.

“చర్ల బస్సు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలీదు. ముందు మీరు వదలండి.”

వదిలాడు. విమానం నిద్రలో నడిచేవాడిలా నింపాదిగా పైకి పోయింది.

అప్పుడే బయట గాలిదుమారం లేచింది. తలుపు గడియ ఊడి కింద పడింది. తలుపు రెక్కలు టపటపలాడాయి, విమానం రెక్కలు గజగజలాడాయి.

బసవపున్నయ్య మునివేళ్ల మీద గుమ్మం దగ్గరికి ఉరికాడు.

అక్కడొక మనిషి. ప్లాస్టిక్ పట్టా చుట్టిన పెట్టెను పొట్టకు హత్తుకుని, రొప్పుతూ లోపలికి అడుగు పెట్టబోతున్నాడు.

ఎవరో హమాలీ అనుకున్నాడు బసవపున్నయ్య.

“ఏయ్, లోపలికి రాకు. తలుపు మూసి బయటినుంచి ఆనుకుని నిలబడు.”

“సార్, నేను…”

“నువ్వెవరైతే నాకేంటయ్యా. పైన విమానం కనపడట్లా? ఈ తలుపు కదిలిందంటే అది నేల మీదుంటుంది.”

ఆ మనిషి తలెత్తి చూశాడు. విమానం రేకుల కింద తూలుతోంది.

వెంటనే నోరు మూశాడు. ఆ వెంటనే తలుపు మూశాడు.

“నేను చెప్పేదాకా కదలకు.”

“అవ్ సార్,” అంది తలుపు వెనక గొంతు.

వాన మొదలైంది. తలుపు కింద సందులోంచి ఇంకా గాలి తన్నుతోంది. అంతలో బయటినుంచి ఒక నీలం ప్లాస్టిక్ పట్టా ముడతలు పడుతూ ఆ సందులోకి దూరింది.

గాలి ఆగింది.

“హమాలీ అయినా బుర్రున్నోడు,” అని లోలోపలే మెచ్చుకున్నాడు బసవపున్నయ్య.

విమానం తిరిగింది, తిరిగింది. చూసేవాళ్ల మెడలు పట్టేశాక, తనకే విసుగొచ్చినట్టు మెల్లగా దిగింది. ఆ రోజు ఎగిరినవాటన్నిట్లో అంతసేపు నిలిచింది లేదు.

“హాతీరాం,” అని పిలిచింది నిర్మలాదేవి.

ఎవరూ పలకలేదు.

ఇంకోసారి పిలిచింది. మూడోసారీ పిలిచింది. రేకుల మీద వానే పలికింది.

“గైర్హాజరు. హైదరాబాదుకు బసవపున్నయ్యగారు.”

“నా విమానం గాలి తగిలి ఏనుగు జడిసిందండీ,” అన్నాడు బసవపున్నయ్య. గోడౌన్ మళ్లీ గొల్లుమంది. దాచుకున్న తుమ్ములన్నీ ధైర్యంగా బయటికొచ్చాయి.

చేతులు కలపడాలయ్యాయి. టీలయ్యాయి. వాన వెలిసింది.

ఇంటికి బయల్దేరి తలుపు తోస్తే, తెరుచుకోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. చెప్పేదాకా కదలొద్దన్నాడు. చెప్పడం మరిచాడు.

“ఇక చాలు, జరగవయ్యా.”

తలుపు తెరుచుకుంది. ఆ మనిషి నిలువునా తడిసి ఉన్నాడు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

“దిగిందా సార్?”

“దిగింది. గెలిచింది.”

“మంచిగైంది. సందుల నుంచి గాలి రాలే గదా?”

అంటూ వంగి పట్టా లాగాడు. పక్కనున్న పెట్టె మీద కప్పబోయి ఆగిపోయాడు. అట్టపెట్టె నాని, మూలలు విచ్చుకుపోయింది.

“ఏముందయ్యా అందులో?”

ఆ మనిషి మూత తీశాడు.

సన్నటి పుల్లలు. వాటికి అతుక్కుపోయిన ఉల్లిపొర కాగితం. మూరెడు రెక్కలు.

బసవపున్నయ్య పెట్టె మీదికి వంగాడు.

ఆ మనిషి మూత మెల్లగా పెట్టేశాడు.

“ఇది ఇగ ఎగరదు గని సార్, లోపలికి పోయి మేడంకు ఒక్క మాట చెప్పొస్త, లేకుంటే భయపడి రాలేదనుకుంటది… హాతీరాం వచ్చిండు అని.”