గేటుకు ఒక్కరు చాలు

అంబలవాణర్ ఆ తమలపాకుల కట్టను ముట్టుకోలేదు.

లంకలోని ఊవా కొండల్లో పనిమీద వచ్చినవాడు ముందు తమలపాకులు చేతికిస్తాడు. పుచ్చుకోకపోతే ముఖాన కొట్టినట్టే. మెత్తని మనిషని పేరున్న హెడ్ గుమాస్తా ఆ పని చేశాడంటే, ఎదుటివాడు అంత పాడుమాట అన్నాడన్నమాట.

అది తేయాకు ధర పడిపోయిన ఏడాది. రోడ్ల శాఖను సంస్కరించాలని కొలంబో నుంచి హుకుం వచ్చింది. సంస్కరణంటే మనుషుల్ని తీసెయ్యడమేనని ఆఫీసు బంట్రోతుక్కూడా తెలుసు.

కొండదారిలో చరియలు విరిగిపడే మలుపు దగ్గర ఒక గేటుంది. దానికి కాపలాదార్లు ఇద్దరు, పగలొకరు, రాత్రొకరు. ఇకమీదట ఒక్కరు చాలన్నారు. ఆ ఒక్కరు ఎప్పుడు నిద్రపోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

చివర చేరినవాడు ముందు పోవాలని రూలు. పాతవాడు తనంతట తాను మానుకున్నా కొత్తవాడికి ఒరిగేదేమీ లేదు. వాణ్ణి ఎలాగూ తీసేస్తారు, ఖాళీలోకి ఇంకో చోట ఎక్కువైనవాణ్ణి పంపుతారు.

ఆ లెక్కన సుదుబండా పోవాలి. నిరుడు భార్య చనిపోయింది, ముగ్గురు పసిపిల్లలు. ఉద్యోగం పోతే గేటు పక్కన తలదాచుకునే గదీ పోతుంది. రెండోవాడు ఉక్కురాల, పాతకాపు. అంబలవాణర్‌కు వాళ్ల పేర్లే తెలుసు, ముఖాలు తెలియవు. జీతాలు మేస్త్రీ పట్టుకెళ్లి ఇస్తాడు.

సుదుబండా పేరు రాయడానికి చెయ్యి రాక అంబలవాణర్ రోజులు నెడుతున్నాడు. అప్పుడు వచ్చాడు ఈ మనిషి.

నెరిసిన జుట్టుముడి, మోకాళ్లదాకా బురద. గేటుకు దిగువ పల్లెలో బండి తోలుకుంటానన్నాడు. ఉక్కురాల తాగుబోతని, జీలుగు కల్లు పట్టించి గేటు తెరిచిపెట్టి పడుకుంటాడని, చరియ విరిగిన రోజు తన ఎడ్లు వెంట్రుకవాసిలో బతికాయని చెప్పాడు. ఎవర్నైనా తీసేస్తే ఆ ముసలాణ్ణే తీసెయ్యాలట.

"ఆయన నీకేం చేశాడు?" అని అడిగాడు అంబలవాణర్.

"ఏం చెయ్యలేదయ్యా. ఉన్నమాటే చెప్తున్నా."

"ఏమీ చెయ్యని మనిషి మీద ఇంత కడుపుమంట ఎక్కణ్ణించొచ్చింది?"

ఆకుల కట్ట ఇంకా అతని చేతుల్లోనే ఉంది.

లోపలి గదిలో ఇంజనీరు దొర ఉన్నాడు. అంబలవాణర్ గొంతు తగ్గించాడు.

"తప్పు మీద తీసేస్తే ఆయనకి చివర్న వచ్చే డబ్బు కూడా రాదు. ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోస్తావు. మాట వెనక్కి తీసుకో, నేను విన్లేదనుకుంటాను."

అది ఆ మనిషికి తెలిసినట్టు లేదు. కిటికీలోంచి కొండవైపు చూశాడు.

"రాసుకోండయ్యా," అన్నాడు.

ఇంతలో దొర బయటికొచ్చి సంగతేమిటన్నాడు. దొరకు సింహళం రాదు, గుమాస్తాయే ఇంగ్లీషులో చెప్పాలి. అంబలవాణర్ చేతనైనంత మెత్తగా చెప్పాడు. కల్లు సంగతి మింగేద్దామనుకున్నాడు గానీ, లోపలికి వినబడ్డ ఆ ఒక్క మాటా దొరకు సింహళంలో తెలుసు.

దొర ముఖం వికసించింది. ఒక మనిషి తగ్గాడు, ఇవ్వాల్సిన డబ్బూ మిగిలింది. ఉక్కురాల పేరు రాయించి, సంతకం పెట్టి, టెన్నిస్ ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.

"ఇంకోసారి ఈ మెట్లెక్కకు," అన్నాడు అంబలవాణర్. ఆ మనిషి వంగి దండం పెట్టి దిగిపోయాడు.

కొలంబో నుంచి ఉత్తర్వు వచ్చింది. దాన్ని మేస్త్రీ చేత పంపితే సరిపోయేది. అంబలవాణర్‌కు మనసొప్పలేదు. ఎవడో చెప్పిన చాడీని దొరకు ఇంగ్లీషులో వినిపించింది తన నోరే. ఆ ముసలాయన్ని చూసి ఒక్క క్షమాపణ అయినా చెప్పుకోవాలనుకున్నాడు. బస్సు దిగి, వానలో రొప్పుతూ కొండెక్కాడు.

గేటు దగ్గర సుదుబండా ఉన్నాడు. అంబలవాణర్ సంగతంతా చెప్పాడు. తన ఉద్యోగం నిలిచిందన్న మాట అతని చెవికెక్కినట్టే లేదు.

"ఉక్కురాల మామ తాగుతాడా అయ్యా? తేనీళ్లలోకి కొరుక్కునే బెల్లం ముక్క కూడా నా పిల్లలకే పెట్టేస్తాడు. వాళ్లమ్మ పోయినప్పట్నించీ వాళ్లకి అన్నం కలిపి పెట్టేది ఆయనే. ఆ చాడీలు చెప్పినవాడు కనబడితే లోయలోకి తోసేస్తాను."

"నేను చూశాను వాణ్ణి," అన్నాడు అంబలవాణర్. "మళ్లీ కనబడితే నేనే పట్టిస్తాను."

ఇది ఎలాగైనా ఆపలేరా అని సుదుబండా అడిగాడు. సంతకం అయిపోయింది, ఇక తన చేతుల్లో లేదని అంబలవాణర్ చెప్పాడు.

సుదుబండా కళ్లు తుడుచుకుని గదివైపు తిరిగాడు.

"మామా, ఆఫీసు నుంచి అయ్యగారొచ్చారు."

దారి పొడవునా కూర్చుకున్న నాలుగు మాటలూ తలచుకుని అంబలవాణర్ చేతులు జోడించాడు.

పసిదాన్ని భుజాన వేసుకుని, చెప్పొద్దన్నట్టు కళ్లతోనే బతిమాలుతూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ ఉక్కురాల, ఆ రోజు ఆఫీసుకొచ్చి ఉక్కురాల మీద చాడీలు చెప్పిన మనిషే.