నాణెంతో ఒక్క ఫోటో

మార్చి తొమ్మిదిన అంజన్న జొన్నరొట్టె తింటుంటే, సరిహద్దులో జవానుగా ఉన్న కొడుకు చనిపోయిన కబురొచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ కొడుకు ముఖం అచ్చేసిన వెండి నాణెంతో నల్గొండ వ్యాపారి ఒకడు వాళ్ల గడప తొక్కాడు.

"పెద్దనాయినా, అమ్మ గిది పట్టుకుంటె ఒక్క ఫోటో తీస్త. జనం ఎగబడి కొంటరు."

"పీనుగుల మీద పేలాలు ఏరుకునేటోడా! నా బిడ్డ మొకం అమ్ముకుంటవా? గదీ ఒక బతుకేనా?" అంజన్న వాకిట్లోకి తుపుక్కున ఉమ్మాడు.

భార్య లక్ష్మీనర్సమ్మ మాత్రం నాణెం అందుకుంది. వ్యాపారి సంబరంగా ఫోన్ ఎత్తాడు. ఆమె అటు చూడనే లేదు. గోడమీది కొడుకు పటం దగ్గరికెళ్లి, నాణేన్ని పటంలోని కొడుకు నుదుటికి ఆనించింది.

"మిలిటరోళ్లు నీ శవప్పెట్టె తెరువనియ్యలె కొడకా. కాటికి పోయేటప్పుడు నీ నొసట రూపాయిబిళ్ల గూడ పెట్టకపోతి."

వ్యాపారి ఫోన్ దించాడు. నాణెం అడగకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అతని మీద నోటిదాకా వచ్చిన తిట్టును అంజన్న మింగేశాడు. రాత్రికి, పటం కిందే పడుకున్న భార్య లేవకుండా, తలుపు చప్పుడు కాకుండా మూశాడు.