ఎడమకాలికి ఎనిమిది

"ఈ చెప్పులు నీకు అమ్మనమ్మా. ఎంత బతిమాలినా అమ్మను."

ముప్పై ఏళ్లుగా చెప్పుల షాపులో కాళ్లు కొలుస్తున్న మనిషి నోట రావలసిన మాట కాదది. స్టూలు మీద కూర్చున్న ఏడు నెలల గర్భిణి తెల్లబోయింది. ఆమె ఎడమకాలు అతని ముందున్న ఏటవాలు పీట మీద ఉంది. కాలు కొలిచే చెక్కతో అతను ఒకసారి కొలిచాడు. నమ్మకం కుదరక కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచాడు. ఎనిమిది నంబరు. కుడికాలు మాత్రం ఆరు దగ్గరే ఆగింది.

"దానికేముంది బాబాయ్? కుడికి ఆరు, ఎడమకి ఎనిమిది ఇచ్చెయ్యండి. మధ్యాహ్నమయ్యేసరికి ఈ కాలికి ఏ చెప్పూ పట్టడం లేదు. ఉత్తకాళ్లతో ఎంత దూరమని నడవను?"

ఆ అంకెలు వినగానే అతను కొలిచే చెక్కను పక్కన పెట్టేశాడు.

"నడవొద్దు. బండి పిలుస్తాను. ఇటునుంచి ఇటే ఆస్పత్రికి వెళ్లు."

"కాళ్లవాపుకి ఆస్పత్రా?" ఆమె నవ్వింది. "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనటగా. మా అత్తయ్యకి ముగ్గురు పిల్లలప్పుడూ వాచాయట."

"రెండు కాళ్లూ వాస్తే మామూలే అనుకోవచ్చు. సాయంత్రానికి పెరుగుతుంది, పడుకుంటే దిగుతుంది. కాళ్లు వేలాడేసి కూర్చోకు, ఎత్తు మీద పెట్టుకో, గంటలకొద్దీ నిలబడకు, ఎడమపక్కకి తిరిగి పడుకో అని చెప్పి, ఒక నంబరు పెద్దవి చేతిలో పెట్టి పంపేవాణ్ణి. నీకు వాచింది ఒక్క కాలే తల్లీ." అతను ఆమె పిక్క మీద మెల్లగా వేలు ఆనించాడు. "ఇక్కడ నొప్పిగా లేదూ?"

"ఉంది. పట్టేసినట్టుగా."

"వేడిగా కూడా ఉంది. లోపల రక్తం గడ్డకట్టిందేమో. అది కాల్లోనే కూర్చుంటుందన్న నమ్మకం లేదు. కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ఇక మన చేతుల్లో ఉండదు."

కౌంటర్ వెనక నుంచి యజమాని లేచి వచ్చాడు. వయసులో చిన్నవాడే కానీ గొంతు పెద్దది.

"పెద్దాయనా, మళ్లీ మొదలెట్టారా?"

"మీరే చూడండి బాబూ. ఈ పిక్క..."

"నేనేం చూడను. ముందు లేవండి. అవతల ఆ పాప బూట్ల కోసం అరగంట నుంచి కాచుకుని ఉంది."

యజమాని ఆమెను పలకరించనైనా లేదు. ఖరీదైనవి కొనేవాళ్లు తప్ప మిగతా మనుషులు ఆయన కంటికి ఆనరని పనివాళ్లు వెనకాల చెప్పుకుంటారు. బూట్ల పెట్టె పట్టుకుని నిలబడ్డ తల్లి మాత్రం ఇటే చూస్తోంది. పాపను దగ్గరికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది.

"నా మూలంగా మీరు మాట పడుతున్నారు" అంది గర్భిణి నెమ్మదిగా. "ఇచ్చెయ్యండి బాబాయ్. నా దారిన నేను వెళ్లిపోతాను."

అతను లేవలేదు. నేల మీద అలాగే మోకాళ్లు ఆనించి, ఆ వాచిన కాలినే చూస్తూ ఉండిపోయాడు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అతనికి అదే అలవాటు, కొనడానికి వచ్చినవాళ్ల మొహాలు చూసేవాడు కాదు. చెప్పులమ్మేవాడికి మొహాలతో పనేముంది?

"ఒకసారి ఇచ్చాను తల్లీ." అతను కొలిచే చెక్కను దగ్గరికి లాక్కున్నాడు. "మూడేళ్ల కిందట ఇలాగే ఒకమ్మాయి వచ్చింది. ఒక కాలు ఆరు, ఒక కాలు ఎనిమిది. రెండు జతలు విడదీసి అందులోంచి ఒకటీ ఇందులోంచి ఒకటీ ఇచ్చాను. ఎంత సంతోషపడిందో! నా తెలివికి నేనే మురిసిపోయి సాయంత్రం దాకా అందరికీ చెప్పుకున్నాను. ఒక్క కాలే ఎందుకు వాచిందని అడగాలని తోచలేదు నాకు. వారం తిరక్కుండా వాళ్లాయన ఒక్కడే వచ్చి ఆ చెప్పుల పెట్టె బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. డాక్టర్ల దగ్గరికి పోయి అడిగి అడిగి ఇదంతా తెలుసుకున్నాను. తెలుసుకుని ఏం లాభం?"

"పెద్దాయనా!" యజమాని గొంతు తగ్గించాడు. ఈసారి అందులో కోపం కన్నా జాలే ఎక్కువ వినిపించింది. "ఇంటికి వెళ్లండి. కాస్త పడుకుంటే సర్దుకుంటుంది."

"వెళ్తాను బాబూ. ఈ అమ్మాయిని బండి ఎక్కించి వెళ్తాను."

షాపులో అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఎవరి చేతిలోంచో అట్టపెట్టె మూత జారిపడితే ఆ చప్పుడుకి అతను ఉలిక్కిపడ్డాడు. భయంగా ఉంది అతనికి. ఈ ఒక్క మనిషిని పంపించగలిగితే చాలు, ఇవాళ నిద్రపోవచ్చు. రెండు చేతులూ జోడించాడు.

"వెళ్తావు కదూ? నీకోసం కాకపోతే కడుపులో బిడ్డ కోసం వెళ్లు. డాక్టరుకి చూపించుకుని రా. అప్పుడు నువ్వు ఏ నంబరు అడిగితే ఆ నంబరు ఇస్తాను. మాటివ్వు తల్లీ."

ఆమె పీట మీంచి కాలు తీసింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. అతను ఇక ఉండబట్టలేక మొదటిసారి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆ మొహంలో కోపం లేదు. చిన్నపిల్లను సముదాయించేటప్పుడు ఉండే నవ్వు ఉంది.

"మూడేళ్ల కిందటే ఈ మాట చెప్పి ఉంటే నేను బతికేదాన్ని కదా, బాబాయ్!"