ముందు అంగీ, తర్వాత ప్యాంటు

బిషప్ ఎన్నిక ఇంకా జరగలేదు. బిషప్ అంగీ మాత్రం తయారైపోయింది.

కుట్టించుకున్నది పెద్ద చర్చి పాస్టరుగారు. ఫలితం రాగానే అంగీ తొడుక్కుని ఫొటోలకు నిలబడాలని ఆయన ఆత్రం. ఎన్నో ఏళ్ళుగా ఆయనకు నిద్రలోనూ మెలకువలోనూ ఆ పదవే ధ్యాస.

ఓట్లు వేసేది సంఘాల ప్రతినిధులు. పాస్టరుగారు అందరి ఇళ్ళకూ వెళ్ళి కాళ్ళూ గడ్డాలూ పట్టుకున్నారు. కారు వెళ్ళని చోట్లు మాత్రం వదిలేశారు.

"కాస్త ప్రార్థన చేసుకుని బయల్దేరండి" అంది భార్య, ఎన్నిక నాటి పొద్దున.

"రోజూ చేస్తూనే ఉన్నాగా!"

"అది ప్రార్థనా? దేవుడికి మీరు ఆర్డరేస్తున్నట్టుంది."

ఆ మాట చెవిన వేసుకునే స్థితిలో ఆయన లేరు. నేరుగా టైలరు కొట్టుకి వెళ్ళి పడ్డారు.

టైలరు ఎవరిదో ప్యాంటు కుడుతున్నాడు. ఆ ప్యాంటు గలాయన పైన చొక్కా, కింద తువ్వాలుతో బల్ల మీద ఒద్దికగా కూర్చున్నాడు. బస్సు దిగుతుంటే మేకు తగిలి ప్యాంటు వెనకవైపు నిలువునా చిరిగిందట.

"అది పక్కన పడేయ్. నా అంగీ తియ్!" అన్నారు పాస్టరుగారు.

"ఐదు నిమిషాలండీ. పాపం ఈయన ముందొచ్చారు."

"ముందొచ్చినవాళ్ళంతా బిషప్పులైపోతారా?"

టైలరు ప్యాంటు పక్కన పెట్టి అంగీ తీశాడు.

పాస్టరుగారు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. ముందువైపు అద్భుతం. అంచు మాత్రం నేల ఊడుస్తోంది. వెనకవైపు ఎలా ఉందోనని తిరగబోతే మెడ పట్టేసింది.

అప్పుడు ఆయన కన్ను తువ్వాలాయన మీద పడింది. ఇద్దరిదీ ఒకటే ఎత్తు, ఒకటే ఒడ్డు.

"లేవయ్యా, ఇది తొడుక్కో. వెనకనుంచి చూడాలి."

"అమ్మో, నేనా? వద్దండీ. నాకూ కొంచెం తొందర పనుందండీ. ఆ ప్యాంటు కాస్త..."

"నీ పని ఎక్కడికీ పోదులే. తొడుక్కో!"

తొడుక్కున్నాడు పాపం. పాస్టరుగారు చుట్టూ తిరిగి చూశారు.

"భుజాలు పైకెత్తు. కాస్త దర్జాగా నిలబడవయ్యా, బిషప్పువి!"

"నాకు రాదండీ."

"తెలుస్తూనే ఉంది."

అంచు సరిచూడ్డానికి పాస్టరుగారు తువ్వాలాయన ముందు మోకాళ్ళ మీదకు దిగారు. ఆ మోకాళ్ళు నేలను తాకి చాలాకాలమైంది. రెండూ కటుక్కుమన్నాయి.

"నాలుగు వేళ్ళు తగ్గించవయ్యా టైలరూ. కుట్టగానే హాలుకి నువ్వే పట్టుకురా. నా పేరు చదవగానే నేను లేచి, 'ఈ పదవికి నేను అయోగ్యుణ్ణి' అంటాను. అయోగ్యుణ్ణి అన్నచోట గొంతు వణకాలి. ఇదిగో, విను."

వణికించి చూపించారు. తువ్వాలాయన నిజమే అనుకుని కళ్ళొత్తుకున్నాడు.

"మరి ఈయన ప్యాంటో?" అన్నాడు టైలరు.

"ముందు అంగీ, తర్వాత ప్యాంటు. ప్యాంటెక్కడికి పారిపోతుంది?"

"ప్యాంటు లేకుండా ఆయనా పారిపోలేడులెండి."

తువ్వాలాయన ఏదో చెప్పబోయాడు. పాస్టరుగారు అప్పటికే కారెక్కేశారు.

పోటీలో ఉన్నది ఇద్దరే. రెండో ఆయన ఒక ముసలి పాస్టరు. ఎవరో బలవంతాన ఆయన పేరిచ్చారు. ఆయనేమో హాల్లో వెనక కుర్చీలో హాయిగా కునుకు తీస్తున్నారు.

ఓట్లు లెక్కపెట్టారు. ఇద్దరికీ సమానం! సమానమైతే వయసులో పెద్దవారికే పదవి. నిబంధన అలా ఉంది మరి.

ముసలి పాస్టరుగారిని తట్టి లేపారు. సంగతి విని ఆయన హడలిపోయారు.

"నేనా? నేను అయోగ్యుణ్ణి బాబూ!"

గొంతు ఎంత బాగా వణికిందో! అదీ ఏ సాధనా లేకుండా.

గుమ్మం దగ్గర టైలరు చేతిలో అంగీతో, ఎవరికివ్వాలో తెలియక దిక్కులు చూస్తున్నాడు.

"ఒక్క ప్రతినిధి రాలేదండీ" అన్నాడు కార్యదర్శి మెల్లగా.

"రాడు! నా మీద కక్షతో కావాలనే మానేసి ఉంటాడు. వాడి అంతు చూస్తాను!" పళ్ళు నూరారు పాస్టరుగారు. పక్కనే బైబిలు కోసం తడుముకున్నారు. లేదు. హడావుడిలో కొట్టులోనే మరిచిపోయారు.

టైలరుని కారులో వేసుకుని మళ్ళీ కొట్టుకి వచ్చారు. తువ్వాలాయన అదే బల్ల మీద, పాస్టరుగారి బైబిలు ఒళ్ళో పెట్టుకుని చదువుకుంటున్నాడు. ఆయన్ని చూసి గబుక్కున లేచాడు.

"ఏమైందండీ అయ్యగారూ? అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది! ఒక్క ఓటు. ఎవడో ఒక్క వెధవ రాక నా బతుకంతా మట్టిగొట్టుకుపోయింది!"

తువ్వాలాయన మొహం పాలిపోయింది. బైబిలు మెల్లగా బల్ల మీద పెట్టి, జారుతున్న తువ్వాలు బిగించుకున్నాడు.

"ఆ వెధవని నేనేనండీ" అన్నాడు. "పోయిన సభల్లో తగ్గింపు మనసు గురించి మీరు చెప్పిన ప్రసంగం విని, కొండమీది మా సంఘమంతా ఉపవాసముండి, మీకే వెయ్యమని నన్ను పంపారండీ."