రెండు అంతస్తుల మధ్య

"అమ్మా, అన్నయ్యతో చెప్పు. తప్పు నాదేనని చెప్పు," అన్నాడు చిన్నవాడు తల ఎత్తకుండా.

అమ్మ అతని మొహంలోకి చూసింది. ఎదురుగా టీవీలో సీరియల్ శబ్దం లేకుండా నడుస్తోంది. తన పనికి అడ్డం రాకూడదనే ఆమె టీవీ అలా శబ్దం తీసేసి చూస్తుందని అతని నమ్మకం.

"చెప్తాలేరా," అంటూ మోకాలు పట్టుకుని లేచి, మెట్లు దిగింది.

చిన్నవాడి ఉద్యోగమూ ఇలా కబుర్లు చేరవేసేదే. ఒకదాని భాష ఒకదానికి రాని కంప్యూటర్ల మధ్య మాటలు మోసే ప్రోగ్రాములు రాస్తాడు. "మధ్యవర్తి 'అందింది' అంటే మధ్యవర్తికి అందిందనే. అవతలివాళ్ళకి చేరిందని సంబరపడకండి," అని ఆఫీసులో కొత్తవాళ్ళకి నూరిపోస్తుంటాడు.

కింద ఉండే అన్నయ్యకి రెండు పెయింట్ షాపులు. వాటిని కలుపుతూ ప్రోగ్రాం రాసిచ్చింది ఇతనే. ఓ రోజు ఆర్డర్లన్నీ రెండేసిసార్లు వెళ్ళి, పెయింటు డబ్బాలు షాపులో పట్టక రోడ్డు మీదికొచ్చాయి.

"నువ్వే రెండుసార్లు నొక్కి ఉంటావు. చేతకానివాడికి కంప్యూటరెందుకు?" అన్నాడు చిన్నవాడు, పనివాళ్ళందరి ముందూ.

అంతే, ఆరు నెలలుగా అన్నదమ్ములకి మాటల్లేవు. ఏ కబురైనా అమ్మే మోయాలి. మొన్న ఆ ప్రోగ్రాం తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. జవాబు ఆలస్యమైతే అదే ఆర్డరు మళ్ళీ పంపమని రాసిన మేధావి, వచ్చిందే మళ్ళీ వస్తే వదిలెయ్యమని రాయడం మరిచాడు. అప్పట్నుంచీ సిగ్గుతో అతనికి ముద్ద దిగడం లేదు.

అమ్మ తిరిగొచ్చింది. "వాడికేం కోపం లేదట. రమ్మంటున్నాడు."

చిన్నవాడు దిగాడు. వెనకే అమ్మా వచ్చి, గుమ్మంలో కూర్చుని బీన్స్ తుంచసాగింది.

"రమ్మన్నావట అన్నయ్యా."

"నువ్వే వస్తానన్నావటగా?"

"నన్ను క్షమించు. తప్పు నాది."

"ఎన్నిసార్లురా? గొడవైన మర్నాడే ఆ మాట చెప్పి పంపావుగా."

నిజానికి ఆ రోజు చిన్నవాడు చెప్పి పంపింది, షాపు మూసుకోమను అని.

అన్నయ్య చూపు దించుకున్నాడు. "నాకే బుద్ధిలేదు. జన్మలో నీ మొహం చూడనని కబురు పెట్టాను."

"అదేంటి? నేను తిన్నానో లేదో అడిగావని చెప్పింది!"

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఎంత గడుసుదిరా అమ్మ! మనం చెప్పినవన్నీ మార్చేసింది," అన్నాడు అన్నయ్య, నవ్వాలో ఏడవాలో తెలీక.

"అమ్మా!" అని పిలిచారిద్దరూ. ఆమె తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచారు. బీన్స్ తుంచుతూనే ఉంది.

వదిన వంటింట్లోంచి వచ్చి, అమ్మ భుజం తట్టి బీన్స్ పళ్ళెం అందుకుంది. అన్నదమ్ములిద్దరినీ వింతగా చూసింది.

"ఎందుకా అరుపులు? మీకు తెలీదా?"

"ఏంటి?"

"అత్తయ్యకి చెవులు వినపడక ఏడాదైంది."