అల్లుడి పరీక్షకు పచ్చి బొప్పాయి

ఆకలికి తల్లియై, వండే చేతిలోనూ తినే నోటిలోనూ తానే కొలువుండే అన్నపూర్ణాదేవికి ముందుగా చేతులు జోడించి, ఇక కథలోకి.

“ఆ కిటికీ దగ్గర కూర్చున్న అబ్బాయి పళ్ళేనికి మిరపకాయలు దండిగా వేసి దంచు నాయనా,” అన్నారు తూనికల అధికారిగారు, వంటబల్ల మీదికి వంగి, గొంతు బాగా తగ్గించి.

కొత్తగా తెరిచిన థాయ్ వీధి రుచుల హోటలు అది. వంటంతా తినేవారి కళ్ళెదుటే. ఒక పక్క పెద్ద మూకుడులో నూడుల్సు మంటతోపాటు ఎగిరెగిరి పడుతున్నాయి. మరో పక్క లోతైన మట్టిరోట్లో పచ్చి బొప్పాయి తురుము, వేరుశెనగ గుళ్ళు, నిమ్మరసం కలిపి దంచుతున్నాడు వంటవాడు. ఎవరికెంత కారమో అడిగి, ఎవరిది వారికి విడిగా దంచి ఇవ్వడం ఆ వంటకం పద్ధతి.

వంటవాడు రోకలి ఆపాడు. “ఆయన కారం అసలు వద్దన్నారండీ.”

“అందుకే వేయమంటున్నాను.”

“ఆయన మీకేమైనా అపకారం చేశారాండీ?”

“ఇంకా ఏమీ చేయలేదు. మా అల్లుడు కాబోతున్నాడు.”

రోకలి వంటవాడి చేతిలోంచి జారి రోట్లో పడింది. పెద్దాయన గొంతు మరింత తగ్గించారు. “మా అమ్మాయి పట్టిన పట్టు నాయనా ఇదంతా. పేరు చెప్పదు, ఉద్యోగం చెప్పదు. చెబితే మనిషిని చూడకుండానే తూచేస్తానట. ఈ హోటలుకు రండి, మనిషిని చూపిస్తాను, మీరు సరేనంటేనే పెళ్ళి, కాదంటే లేదు అంది. నా మాట మీద వదిలేసింది కాబట్టే నాకింత దిగులు. అందుకని దానికంటే ముందే వచ్చాను.”

“ఆయనేనని ఎలా పోల్చారండీ?”

“మడత నలగని చొక్కా. గుమ్మం మీంచి చూపు తిప్పడు. ఎదుటి కుర్చీని ఎవరినీ లాక్కోనివ్వడు. ఇంకేం కావాలి? నా చూపు త్రాసుముల్లు, అటూ ఇటూ పోదు.”

“మరి కారమెందుకండీ?”

“తీపి తింటున్నంతసేపూ అందరూ మంచివాళ్ళే. నోరు మండితేగాని లోపలి మనిషి బయటికి రాడు. వడ్డించినవాడి మీద ఎగురుతాడో, పళ్ళెం విసిరికొడతాడో, ఓర్చుకుంటాడో చూడాలి. పిల్ల బతుకు కదా.”

వంటవాడు రోట్లో పడిన రోకలిని మళ్ళీ చేతికి తీసుకున్నాడు. “అయితే పెళ్ళికొడుకు ఆఖరి ముద్ద దాకా తినాల్సిందేనాండీ?”

“తినాల్సిందే. నాకు మాటివ్వు.”

“ఇచ్చానండీ,” అని అతడు పిడికెడు ఎర్ర మిరపకాయలు తీసి రోట్లో వేశాడు. రోకలి దెబ్బకు లేచిన ఘాటుకు దగ్గరి బల్లవారు వరసగా తుమ్మారు. పెద్దాయన తృప్తిగా ముక్కుకు కండువా అడ్డం పెట్టుకొని, కిటికీ అబ్బాయికి పక్క బల్ల దగ్గర చేరారు.

దంచడం ముగిసింది. వంటబల్ల మీద పళ్ళేలు వరసకట్టాయి. వాటిలో ఒకటి కిటికీ దగ్గరికి వచ్చింది. ఆ అబ్బాయి ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. కంట నీటిచుక్క లేదు. మంచినీళ్ళ గ్లాసు వైపు చెయ్యి కూడా పోలేదు.

పెద్దాయన కుర్చీ అతడి వైపు జరుపుకున్నారు. చివరికి ఉండబట్టలేక, “ఎలా ఉంది బాబూ?” అని అడిగారు.

“కమ్మగా ఉందండీ. ఇంకో పళ్ళెం చెబుదామా అనుకుంటున్నాను.”

“మండటం లేదూ?”

“ఇందులో మండేదేముందండీ?”

ఆయన గుండె పొంగిపోయింది. ఇంతటి నిబ్బరం గల పిల్లవాణ్ణి వెతికి పట్టుకున్న కూతురి తెలివికి మనసులోనే మురిసిపోయారు. ఆ సంతోషంలో వంటబల్ల వైపు చూస్తే, వంటవాడు నిలబడే ఏదో తింటున్నాడు. ముక్కు ఎర్రబడింది. కళ్ళు ధారలు కడుతున్నాయి. ఒకావిడ నూడుల్సు చల్లారాయని పళ్ళెం తిరిగి తెచ్చి నాలుగు మాటలంటే, ఎక్కిళ్ళ మధ్యనే, “ఇప్పుడే వేడిగా వేసిస్తానమ్మా, మీరు కూర్చోండి,” అన్నాడు నవ్వుతూ. పాపం, పొగలో బతుకు అని జాలిపడ్డారు పెద్దాయన.

అంతలో గుమ్మంలోంచి చంటిబిడ్డను చంకనెత్తుకొని ఒక యువతి గబగబా వచ్చింది. “ఏమండీ, ఆలస్యమైందా?” అంటూ ఆ ఎదుటి కుర్చీలో కూలబడింది. కిటికీ అబ్బాయి బిడ్డను అందుకొని ముద్దాడాడు.

పెద్దాయన కుర్చీ వెనక్కి పడేలా లేచారు. “నీకు పెళ్ళయిందా?”

అతడు బిత్తరపోయాడు. “ఎప్పుడో అయిందండీ. ఏం, కాకూడదా?”

“నాన్నా, వాళ్ళతో గొడవేమిటి?” కూతురు వెనకనుంచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. “ముందే వచ్చి ఇక్కడేం చేస్తున్నారు? ఇలా రండి, మనిషిని చూపిస్తానన్నానుగా.” నోరు తెరుచుకొని నడుస్తున్న తండ్రిని సరాసరి వంటబల్ల ముందు నిలబెట్టి, అవతలివైపు చూసి ఉలిక్కిపడింది. “ఇదేమిటి, నీ మొహం ఇలా కందిపోయింది?”

వంటవాడు చేతిలోని పళ్ళేన్ని తండ్రీకూతుళ్ళకు కనబడేలా బోర్లించి చూపాడు. అందులోంచి ఒక్క తునక కూడా రాలలేదు. కళ్ళు తుడుచుకొని, ఎక్కిలి ఆపుకొని, చేతులు జోడించాడు.

“ఇచ్చిన మాట తప్పలేదండీ, మామయ్యగారూ.”

ఈ కథ విన్నవారి ఇంట పొయ్యి ఆరకుండుగాక, నోరెంత మండినా వారి మాట చల్లగా ఉండుగాక, స్వస్తి.